టీచరమ్మ రెండో సాక్ష్యం

మా సండేస్కూలు టీచరమ్మ చనిపోయారు. పోయిన శుక్రవారం పొద్దున నేను కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తుంటే ఫోను మోగింది. సంఘం గ్రూపులో పాస్టరుగారి మెసేజీ. ‘క్యాన్సరును జయించిన మన ప్రియ సహోదరి ఈ ఉదయం బళ్లారి ఆసుపత్రిలో ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన రేపు. ప్రార్థించండి.’ దాని కింద అప్పటికే వరసగా జోడించిన చేతుల బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టి, ఫోను పక్కన పడేసి, ఏడుపు ఆగాక మళ్లీ తీసి చదివాను. అప్పుడు కనబడింది ఆ మాట, ‘జయించిన’.

సిగ్గేసింది. రాసినాయన మీద కోపం రాలేదు, సిగ్గే. తను జయించలేదని ఆమె మా అందరి ముందు నిలబడి తన నోటితో చెప్పారు. గుడి నిండా ఉన్నాం, అందరం విన్నాం. అయినా ఆమె కన్ను మూసీ మూయగానే ఆ మాట తెచ్చి మళ్లీ ఆమె పేరు పక్కన పెట్టేశాం. దాని కింద నా చేతులు కూడా ఉన్నాయి. అందుకే ఆమె గురించి నాకు తెలిసినంత రాద్దామని కూర్చున్నాను.

మాది కురుగోడు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఎస్సెల్సీ దాకా నేను చదివిందంతా కన్నడమే. టీచరమ్మ ఉద్యోగం కూడా సర్కారు ప్రైమరీ బడిలో, కన్నడంలోనే. ఆదివారం మాత్రం ఆరాధన కాగానే గుడి వెనక వరండాలో మమ్మల్ని కూర్చోబెట్టి తెలుగు దిద్దించేవారు. పాటల పుస్తకం, బైబిలు ఎవరూ చదివి వినిపించనక్కర లేకుండా మా అంతట మేం చదువుకోవాలని ఆమె పట్టుదల. రెండు లిపులూ దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి మేం ఒకదాంట్లో ఒకటి కలిపేసేవాళ్లం. ఆమె కోప్పడేవారు కాదు. “కన్నడం అక్షరం నెత్తిన అడ్డగీత ఉంటాది. తెలుగు అక్షరం నెత్తిన టిక్కు ఉంటాది, చూడు. అంటే నువ్వు రాస్తాండంగానే మార్కు పడిపోతాది” అనేవారు. ఈ రోజుకీ ‘క’ రాసి తలకట్టు పెట్టినప్పుడల్లా నాకు మార్కు పడినట్టే ఉంటుంది.

చీర కొంగుకు ఎప్పుడూ సుద్ద అంటుకుని ఉండేది. చేతిసంచిలో పుట్నాల పొట్లం ఉండేది, బాగా చదివినవాళ్లకీ చదవనివాళ్లకీ గుప్పెడు గుప్పెడు. గుడి గోడ మీద పెయింటరు తప్పు రాసిన వాక్యం కనబడితే ఆమెకు ఆ పూట ప్రసంగం చెవికెక్కేది కాదు. కంఠతా పట్టిన వాక్యం అప్పజెప్పేటప్పుడు మేం మధ్యలో ఆగిపోతే పక్కవాళ్లు గుసగుసగా అందించేవాళ్లు. అది మాత్రం ఆమె ఊరుకునేవారు కాదు. “అందిచ్చొద్దు. నీకు వచ్చినంతే చెప్పు, చాలు” అనేవారు. ఇప్పటి మా పాస్టరుగారు కూడా ఆ వరండాలో నా పక్కన కూర్చుని పుట్నాలు తిన్నవారే.

ఆమె భర్త గనుల్లో పనిచేస్తూ ఎప్పుడో పోయారు. ఒక్కడే కొడుకు, కూరెకుప్ప దగ్గర ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీలు, కాపురమూ అక్కడే. రిటైరయ్యాక ఆమె మా పక్కింట్లో ఒంటరిగా ఉండేవారు. నా మిషను దగ్గరికి వచ్చి కూర్చుని శనక్కాయలు ఒలుస్తూ వచ్చేపోయేవాళ్లను పలకరించడం ఆమెకు ఇష్టం.

మెడకు రెండు పక్కలా గడ్డలు లేచాయని నేను మొదట చూసింది అక్కడే. ఉసిరికాయలంత ఉన్నాయి. నొప్పి లేదన్నారు. కొన్నాళ్లకు కొంగు మెడ చుట్టూ తిప్పి కప్పుకోవడం మొదలుపెట్టారు. టీబీ అని వీధిలో అనుకున్నారు. పిల్లల్ని సండేస్కూలుకు పంపే తల్లులు ఒకరిద్దరు ఏదో వంక చెప్పి మానిపించారు. కొడుకు బళ్లారి తీసుకెళ్లి రక్తం చూపిస్తే తెల్లకణాలు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉన్నాయట. అక్కడి నుంచి బెంగళూరు పంపారు. రక్త క్యాన్సరు, కాకపోతే నిదానంగా సాగేది, క్రానిక్ లుకేమియా అని తేల్చారు. పైగా ఇప్పుడే మందు అవసరం లేదు, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకుపోతే చాలు, ముదిరితే మొదలుపెడదాం అన్నారు.

ఇది ఆమెకు జబ్బు కన్నా పెద్ద కష్టమైపోయింది. “క్యాన్సరంటారు, మందు వద్దంటారు. ఎవరికని చెప్పుకునేది పాపా? నగుతారు” అన్నారు నాతో. నాకప్పటికే నలభై దాటినా ఆమెకు నేను పాపనే. మా ఇంట్లో తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. తన పాత బడి పిల్లల పెళ్లిళ్లకు కొంగు కప్పుకునే వెళ్లారు, తెలుగు కూడా కొంగు కప్పుకునే చెప్పారు. ఒంట్లోని జబ్బును దొంగసొత్తులా దాచుకుని తిరిగారు.

రెండేళ్లు గడిచేసరికి రక్తం తగ్గిపోయింది. గుడి మెట్లు ఎక్కితే ఆయాసం. మనిషి సగమయ్యారు. ఇక వైద్యం మొదలుపెట్టాలన్నారు. కొడుకుకు షిఫ్టు వదిలి ప్రతిసారీ రావడం కుదరదు. ఫ్యాక్టరీ ఇన్సూరెన్సు ఉంది కాబట్టి మిగతాదంతా అతను చూసుకున్నాడు. తోడు వెళ్లడం నా వంతయింది. మిషనుకు మూత వేస్తే నేను ఎక్కడికైనా వెళ్లగలను.

డాక్టరుగారు కన్నడంలో ఓపిగ్గా చెప్పారు. మామూలు కణం దాని కాలం తీరగానే పోతుందట. ఈ క్యాన్సరు కణాలు పోవాల్సినప్పుడు పోకుండా పేరుకుపోతాయట. అందుకని రెండు మందులు కలిపి ఇస్తారు. ఒకటి రోజూ మింగే మాత్ర, అది కణం లోపలి మొండితనాన్ని తీసేస్తుంది. రెండోది సెలైనులా నరంలోకి ఎక్కించేది, అది వెళ్లి ఆ కణాలకు అంటుకుని ఒంటికి వాటిని పట్టిస్తుంది. విడివిడిగా ఇస్తే ఇంత గట్టిగా పనిచేయవు, కలిపితే లోతుగా శుభ్రం చేస్తాయి, ఏడాదికి ఆపేయొచ్చు కూడా అన్నారు. టీచరమ్మ తల ఊపి, హల్లు ఒక్కటే నోట పలకదు, దానికి అచ్చు తోడు కావాలి, అంతే కదా అని కన్నడంలో అడిగారు. డాక్టరుగారు నవ్వి, ఇక మీదట నేనూ అందరికీ ఇలాగే చెబుతానన్నారు.

మొదటిసారి మందు ఎక్కిస్తుంటే ఆమెకు వణుకు పుట్టింది. మంచం గడగడలాడింది. నర్సులు ఆపి, ఇంజెక్షను ఇచ్చి, దుప్పట్లు కప్పి, మళ్లీ నెమ్మదిగా ఎక్కించారు. మాత్ర కూడా ఒక్కసారిగా పూర్తి మోతాదు ఇవ్వరు. వారం వారం కొంచెం కొంచెం పెంచుతారు. చచ్చిన కణాలన్నీ ఒకేసారి రక్తంలో పడితే మూత్రపిండాలు తట్టుకోలేవట. మోతాదు పెంచే ప్రతిసారీ ముందు నుంచే నీళ్లు బాగా తాగాలి, వెళ్లి రక్తం చూపించాలి.

ఆ నీళ్ల వల్లే ఒక అవమానం జరిగింది. బళ్లారి నుంచి పగటి బస్సులో వెళుతున్నాం. చళ్లకెరె దాటాక ఆమె ముఖం మారింది. చెప్పడానికి చాలాసేపు సందేహించి, చివరికి నా చెవిలో చెప్పారు. నేను కండక్టరును అడిగితే బస్టాండులోనే వెళ్లి రావాల్సింది కదా అని అందరికీ వినబడేలా విసుక్కున్నాడు. బస్సు ఆపారు. రోడ్డు పక్క చెట్టూ పుట్టా లేని మెట్టచేను. నేను దుప్పటి అడ్డం పట్టుకున్నాను. ఇంతలో బస్సులోంచి నడివయసు మనిషి ఒకాయన దిగి, మావైపు వీపు పెట్టి, కిటికీల వాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు. ఆమె లేచి వచ్చాక “నమస్తే టీచర్” అన్నాడు మెల్లగా, తల ఎత్తకుండా.

బెంగళూరు చేరి ఆసుపత్రి మెట్ల దగ్గర అన్నారు, “వానికి ఒకటో తరగతిలో నేనే చెయ్యి పట్టి దిద్దించినా పాపా. వాని ముందరా నేను అట్ల కూర్చునేది.” కళ్లు తుడుచుకుని, సీసా మూత తీసి, ఇంకా మిగిలిన నీళ్లు తాగేశారు. ఆ మరుసటిసారి నుంచి రైల్లో వెళ్లాం.

మందులు పనిచేశాయి. చెబితే నమ్మరు, ఆ గడ్డలు వారాల్లో కరిగిపోయాయి. రక్తం పెరిగింది. ఆకలి పుట్టింది. ఏడాది తిరిగేసరికి పరీక్షల్లో జబ్బు జాడ దొరకలేదు. రెండు మందులూ ఆపేస్తూ డాక్టరుగారు ఒక మాట చెప్పారు, నేను పక్కనే ఉన్నాను: ఇది పూర్తిగా పోయిందని కాదు, అణిగింది, ఎన్నేళ్లు ఉంటుందో చెప్పలేం, తిరిగి కనబడితే భయపడొద్దు, వెంటనే రండి, మళ్లీ మందులున్నాయి.

ఊళ్లో కృతజ్ఞతా కూటం పెట్టారు. అప్పటికి అందరికీ విషయం తెలిసిపోయింది. దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి ఆమె నిలబడ్డారు. కొంగు మెడ మీద లేదు. రెండు మందులు కలిపి ఇచ్చారనీ, ఆ మందులు కనిపెట్టినవాళ్లకు బుద్ధిని ఇచ్చింది దేవుడనీ చక్కగా చెప్పారు. ఆ తర్వాత పాస్టరుగారు మైకు అందుకున్నారు. ఆయనకు ఆమె అంటే ప్రాణం, మాట్లాడుతూనే ఏడ్చేశారు. ఆ ఏడుపులో, ఆ సంతోషంలో, వైద్యులు చేతులెత్తేసిన చోట దేవుడు స్వస్థపరిచాడనీ, మన టీచరమ్మ క్యాన్సరును జయించిందనీ అన్నారు. గుడి అంతా స్తోత్రాలతో మోగింది. ఆమె నా వైపు చూశారు. నేను పాటల పుస్తకం వైపు చూశాను.

ఇంటికి నడుస్తూ, డాక్టర్లు చేతులెత్తేయలేదు కదా అన్నాను. ఆమె, “ఆ పిల్లోడు అంత సంతోషంగా ఉండాడు, యాడ అడ్డం పడేది?” అన్నారు. మళ్లీ తనే, “నాకూ బాగుండె పాపా. ఇన్నాళ్లు మెడ కప్పుకొని తిరిగినా. అందరూ నన్ను సూస్తాంటే బాగుండె” అన్నారు. ఇందులో దాపరికం లేదు. ఆమె గొప్పమనిషి అని నిరూపించడానికి ఇది రాయడం లేదు కాబట్టి ఈ మాట కూడా రాస్తున్నాను.

ఆ తర్వాత చుట్టుపక్కల సంఘాలవాళ్లు పిలిచారు. సిరుగుప్ప వైపు ఊళ్లకు వెళ్లి సాక్ష్యం చెప్పి వచ్చేవారు. ఒకటి రెండుసార్లు నేనూ వెళ్లాను. చెప్పగా చెప్పగా అందులో మందుల మాట చిన్నదయ్యింది. జనం కళ్లు మెరిసేది ఎక్కడో మాట్లాడేవాళ్లకు తెలిసిపోతుంది. తమకు తెలియకుండానే అక్కడే ఎక్కువసేపు ఆగుతారు.

మూడేళ్లు గడిచాయి. ఒకరోజు ఆమె గుడ్డ తెచ్చి, కాలరు మెడ జాకెట్టు కుట్టమన్నారు, ముందు హుక్కులు పెట్టి. ఈ ఎండల్లో కాలరెందుకన్నాను. వయసవుతోంది, గాలి సోకితే దగ్గు వస్తోందన్నారు. మెడ కొలత తీస్తానంటే వద్దు, పాత కొలతకు కొంచెం వదులు పెట్టు చాలన్నారు. నేను కుట్టి ఇచ్చాను. ఇంకో రెండు కూడా కుట్టి ఇచ్చాను.

దేశనూరు నుంచి ఒకామె వచ్చింది ఆ వేసవిలోనే. టీచరమ్మ నా మిషను పక్కన కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నారు. వచ్చినామె ఆమెను గుర్తుపట్టి కాళ్లు ముట్టబోయింది. రైతు కుటుంబం. ఆమె భర్తకూ ఇదే జబ్బట, వాళ్లూ బెంగళూరులోనే చూపించుకుని, ఇట్లాంటి రెండు మందులే మొదలుపెట్టారట.

“మీ సాక్ష్యం ఇన్న కాడి నుంచి మా ఆయన మాత్రలు ఆపేసినాడమ్మా. మందు ఎక్కించుకునేదానికి పోయేదీ నిలిపేసినాడు. ఆయమ్మకు పోయినట్లే నాకూ పోతాదంటాడు. ఇప్పుడు మెడ మళ్లా లావయితాంది. మీరొకసారి వచ్చి చెయ్యి పెట్టి ప్రార్థన చేసిపోతే చాలు.”

టీచరమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. “నేను మందులు మింగినానని చెప్పలేదా ఆ పొద్దు?” అని అడిగారు.

“చెప్పినారేమో తెలీదమ్మా. మాకు ఇనపడింది దేవుడు ముట్టినాడని.”

ఆమె కొంగులోని పొట్టు దులుపుకుని లేచారు. “పద పాపా” అన్నారు. ఎక్కడికని నేను అడగలేదు. సిరుగుప్పలో బస్సు మారి దేశనూరు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దారి పొడుగునా ఆ ఇల్లాలు ఏవేవో చెబుతూనే ఉంది. టీచరమ్మ కిటికీలోంచి వరిమళ్లను చూస్తూ కూర్చున్నారు.

అతను ఇంటి ముందు అరుగు మీద చేనుకు మందు కొట్టే మిషను విప్పి బాగుచేసుకుంటున్నాడు. ఆమెను చూసి గబగబా లేచి కుర్చీ వేయించాడు. మెడ రెండు పక్కలా ఉబ్బి ఉంది, చెవుల కింద దాకా. కళ్లు పాలిపోయాయి. అయినా ముఖంలో వెలుగు. మీరు ఇంటికి రావడమే పెద్ద ప్రార్థన అన్నాడు. మీకు పోయింది, నాకూ పోతుందని నమ్ముతున్నానన్నాడు.

ఆమె కుర్చీలో కూర్చోలేదు. కొంగు మెడ మీది నుంచి తీసేశారు. కాలరు హుక్కులు ఒక్కొక్కటే విప్పారు. నేను కుట్టిన హుక్కులే అవి. లోపల మెడ మొదట్లో నేను చూసినదానికన్నా ఎక్కువ వాచి ఉంది.

“సూడప్పా” అన్నారు. “గడ్డలు పోయుండె. మళ్లా వచ్చినాయి. రెండు మందులు తీసుకున్నందుకు అన్నేండ్లు అణిగుండె. తిరిగొస్తే వెంటనే రమ్మని డాక్టరు అప్పుడే చెప్పినాడు. నేను పోలా. ఊరూరా జయించినావు జయించినావంటాంటే ఏ మొగం పెట్టుకొని పోయేది? కప్పుకొని ఇంట్లో కూర్చున్నా.”

అతను ఆమె మెడ వైపే చూస్తూ తన మెడ తడుముకున్నాడు. తర్వాత, అయితే దేవుడు, అని ఆగిపోయాడు.

“దేవుడు యాడికీ పోలేదు. నేనే సగం చెప్పినా. ఆ సగం ఇని నువ్వు మాత్రలు పారేసినావు. నాది నా మెడతో పోయింటే పోయుండు, నీ మెడ మీదికి తెచ్చినా గదప్పా.”

అతని భార్య లోపలికి వెళ్లి మాత్రల డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టింది. టీచరమ్మ దాన్ని ముట్టుకోలేదు. మధ్యలో ఆపినవాటిని మనంతట మనం మొదలుపెట్టకూడదనీ, ముందు డాక్టరు చూడాలనీ, తనూ వస్తాననీ చెప్పారు. తిరుగు బస్సులో నేను ఆ కాలరు జాకెట్ల గురించే అనుకున్నాను. మెడ కొలతలు తీయడమే నా బతుకు. ఆమె కొలత వద్దన్నప్పుడు నాకు తెలియలేదంటే అబద్ధం, తెలుసుకోవాలనుకోలేదు, అంతే.

ఆ వారంలోనే అందరం బెంగళూరు వెళ్లాం. డాక్టరుగారు ఆమెను చూసి బాధపడ్డారు గానీ ఒక్క మాట అనలేదు. ఆమెకు ఈసారి మందుల జంట మార్చారు, పాత వాటిలో ఒకటి, కొత్తది ఒకటి. దేశనూరు రైతుకు పరీక్షలన్నీ చేసి, పాత జంటే మళ్లీ అట్టడుగు మోతాదు నుంచి మొదలుపెట్టారు. నీళ్లు తాగాలి కదా, హాల్లో పక్కపక్కన కూర్చుని ఆమె అతని చేత తాగించేవారు, బడిపిల్లాడి చేత తాగించినట్టే. “సీసా అయిపోయిందా? సూపీ” అనేవారు. అంత పెద్ద మనిషీ సీసా ఎత్తి చూపించేవాడు.

కానీ ఆమెకు ఇంకో పని మిగిలి ఉంది. శనివారం పాస్టరుగారింటికి వెళ్లి, రేపు సంఘంలో ఒక మాట చెప్పడానికి సమయం కావాలని అడిగారు. ఆయన విషయం విని చాలా నొచ్చుకున్నారు. ఆమె చేయి పట్టుకున్నారు. వచ్చే వారమే ఉజ్జీవ కూటాలు ఉన్నాయి, ఇప్పుడు చెబితే కొత్తగా వచ్చినవాళ్లు తడబడతారు, కూటాలు అయ్యాక నేనే నెమ్మదిగా చెబుతాను అన్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాను. నిజం చెప్పాలంటే ఆయన మాట సబబుగానే అనిపించింది నాకు.

ఆమె అన్నారు: “ఆ కూటాలకు వచ్చేవాళ్లల్లో ఎవరింట్లో ఏ మాత్రలు ఉండాయో నీకు తెలుసా నాయనా?”

ఆదివారం ఆరాధన సాగింది. ఆమెను పిలవలేదు. ఆశీర్వచనానికి అందరం లేవబోతుండగా ఆమె ఆడవాళ్ల వరసలోంచి తనే లేచి ముందుకు వెళ్లారు. మామూలు జాకెట్టు వేసుకున్నారు. కొంగు భుజం మీదే ఉంది. మెడ అందరికీ కనబడింది.

మైకు తీసుకోలేదు. తనకు జబ్బు తిరిగొచ్చిందనీ, మళ్లీ రెండు మందులు తీసుకుంటున్నాననీ చెప్పారు. మొదటిసారి నెమ్మదించింది దేవుని దయ వల్లా, ఆ మందుల వల్లా అనీ, మందుల మాట తను మింగేయడం వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందనీ చెప్పారు. షుగరుకో బీపీకో ఫిట్సుకో, దేనికి మింగుతున్నా ఎవరూ ఆపొద్దన్నారు. చివర్లో, “మీకు చిన్నప్పుడు వచ్చినంతే చెప్పమంటాంటి. నేనే రానిది చెప్పినా. క్షమించండి” అని చేతులు జోడించారు.

ఒక్కరూ ఆమేన్ అనలేదు. నేను తల దించుకున్నాను. అప్పుడు నాకు కలిగింది ఆమె మీద గౌరవం కాదు. అందరి ముందు ఆమె బట్టలు లేకుండా నిలబడినట్టు అనిపించి ఆమె తరఫున సిగ్గుపడ్డాను. ఇంటికి త్వరగా వెళ్లిపోతే బాగుండును అనుకున్నాను. ఆ వరండాలో ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్లం ఆ రోజు గుడిలో సగం మంది ఉన్నాం. లేచి ఆమె పక్కన నిలబడినవాళ్లు లేరు. పాస్టరుగారు ఆశీర్వచనం పలికారు.

ఆ తర్వాత ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అనకుండానే చాలా చేశాం. విశ్వాసం జారిందని వెనక చెప్పుకున్నాం. విశ్రాంతి కావాలి కదా అని సండేస్కూలు ఇంకో అమ్మాయికి అప్పగించారు. ఆ అమ్మాయికి తెలుగు అంతంత మాత్రం. పక్క ఊళ్లవాళ్లు పిలవడం మానేశారు. ఆమె మాత్రం ప్రతి ఆదివారం వచ్చి, వెనక తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోటికి ఆనుకుని కూర్చునేవారు. అక్కడెందుకు, ముందుకు రండి అంటే, “పరవాగిల్ల పాపా, ఏం కాదులే, ఈడ గాలి బాగుండాది” అనేవారు. చిన్నపిల్లలు ఇవేమీ పట్టించుకోలేదు. ఆరాధన అవగానే వెళ్లి ఆమె సంచిలో చెయ్యి పెట్టేవాళ్లు.

కొత్త జంట మందులూ నెమ్మదిగా పట్టాయి. గడ్డలు మళ్లీ తగ్గుముఖం పట్టాయి. కాని ఈ జబ్బులోనూ ఈ మందుల్లోనూ ఒంటికి కాపలా తగ్గిపోతుంది; చిన్న జ్వరాన్ని కూడా తేలిగ్గా తీసుకోవద్దని మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నారు. వానలు పట్టాక ఆమెకు దగ్గు వచ్చింది. ఆ సాయంత్రమే కొడుకు బళ్లారిలో చేర్పించాడు. న్యుమోనియా. నేను చూడటానికి వెళ్లినప్పుడు ఆక్సిజను మాస్కు తీసి మాట్లాడబోతే నర్సు కోప్పడింది. అయినా కొంచెం పక్కకు జరిపి రెండే మాటలు అన్నారు. దేశనూరాయనకు ఈ వారం రక్తపరీక్ష ఉంది, ఫోను చేసి గుర్తుచేయమన్నారు. తర్వాత, “నాకు కాలరు జాకెట్టు వెయ్యొద్దు” అన్నారు. ఇంటికి వెళ్లేటప్పటి సంగతి కాదని నాకు అర్థమైంది.

శుక్రవారం సాయంత్రం ఇంటికి తెచ్చాక ఆమెకు స్నానం చేయించి బట్టలు కట్టింది నేనూ ఆమె కోడలూ. మామూలు మెడ జాకెట్టు వేశాను. మెడ నున్నగా ఉంది. ఎక్కడా ఒక్క గడ్డ లేదు. వేళ్లతో తడిమి చూశాను. మందులు చేయాల్సిన పని చేశాయి. వచ్చిన పెద్దావిడ ఒకరు మర్యాద కోసం కొంగును మెడ దాకా లాగబోతే, వద్దండీ అన్నాను. ఆమె బతికుండగా నేను గట్టిగా అనాల్సిన మాటలు ఎన్నో ఉన్నాయి. అన్నది ఇదొక్కటి.

భూస్థాపనకు చాలామంది వచ్చారు. పాస్టరుగారు వాక్యం చదివారు. ఆమె గురించి నాలుగు మాటలు చెప్పబోయి, నేను ఆమె దగ్గర చదువుకున్నవాణ్ని అని మాత్రం అని, ఆగి, ప్రార్థనలోకి వెళ్లిపోయారు. జయించడం గురించి ఏమీ అనలేదు. దేశనూరు రైతు భార్యతో వచ్చి చివరి వరసలో నిలబడ్డాడు. మెడ సన్నబడింది, ముఖంలో రక్తం ఉంది. పిడికెడు మట్టి వేస్తూ అతను పెద్దగా ఏడ్చాడు. చాలామందికి అతనెవరో తెలియదు. అడిగినవాళ్లకు అతనే చెప్పుకున్నాడు, నేను ఆయమ్మ వల్ల మాత్రలు మానేసినోన్ని, ఆయమ్మ వల్లే మళ్లా మింగుతాండేవాన్ని అని.

తిరిగి ఇంటికి వచ్చాక వాకిట్లో అందరికీ ఉప్మా, టీ ఇచ్చారు. ఆ రైతు తిన్న ప్లేటు పక్కన పెట్టి, చొక్కా జేబులోంచి మాత్ర తీసి, అరచేతిలో పెట్టుకుని నీళ్ల కోసం చుట్టూ చూశాడు. అప్పటిదాకా మాట్లాడుకుంటున్న మా సంఘంవాళ్లు ఒక్కొక్కరే అతని అరచేతి వైపు తిరిగారు. పాస్టరుగారు గోడవారన ఉన్న బిందె దగ్గరికి వెళ్లి, గ్లాసు ముంచి, తెచ్చి ఇచ్చారు. అతను మాత్ర వేసుకుని, తల వెనక్కి వంచి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు. ఇంకొంచెం తెమ్మంటావా అని పాస్టరుగారు అడిగారు. తెమ్మన్నాడు. ఆయన మళ్లీ వెళ్లి ముంచుకొచ్చారు. రెండో గ్లాసు కూడా తాగేసి అతను మూతి తుడుచుకుని, బస్సుకు వేళయిందని భార్యను పిలుచుకుని వెళ్లిపోయాడు. వాళ్లు వీధి మలుపు తిరిగాక కూడా పాస్టరుగారు తడి గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉన్నారు.